గుమ్మం దగ్గర మంచినీళ్ళు

నా చిన్నప్పుడు చేతులు కడుక్కోవడమంటే కుళాయికి దూరం నుంచి దణ్ణం పెట్టి రావడమే. అప్పుడు మేం అమెరికాలో, షామ్‌బర్గ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఇంట్లో పిన్ని ప్రసవిస్తే, పురుడు చూడడానికి ఇండియా నుంచి అమ్మమ్మ వచ్చింది. ఆ రోజుల్లో మడి అంతా అమ్మమ్మది, సందడంతా నాది.

పొద్దున్నే పసివాడికి స్నానం పోసి, తను తలస్నానం చేశాక, అమ్మమ్మ మళ్ళీ ఆ గదిలో అడుగు పెట్టేది కాదు. పురిటి మైల వెళ్ళేదాకా పిన్నిని ఎవరూ ముట్టుకోకూడదు. ఏది కావాలన్నా గుమ్మం దగ్గర పెట్టి రావడం నా ఉద్యోగం.

ఒకరోజు పిన్ని వణుకుతోంది. బయట మంచు కదా, చలేమో అనుకున్నాం. అమ్మమ్మ గుమ్మంలోంచి ఇంకో దుప్పటి విసిరింది. నేను గ్లాసుతో నీళ్ళు పెట్టి టీవీ దగ్గరికి పరుగెత్తాను.

సాయంత్రం పక్కింటి డాక్టర్ ఆంటీ బాబుని చూడడానికి వచ్చింది. సింక్ దగ్గర మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని గదిలోకి నడిచింది.

"అమ్మాయీ, ముట్టుకున్నావంటే తలస్నానం చెయ్యాలి! ఈ చలిలో నీకెందుకే?" అంది అమ్మమ్మ.

ఆంటీ వినిపించుకోలేదు. పిన్ని నుదుటి మీద చెయ్యి వేయగానే ఆవిడ ముఖం మారిపోయింది. "ఒళ్ళు కాలిపోతోంది. కార్ స్టార్ట్ చేయండి!" అని అరిచింది. అందరూ పరుగెడుతుంటే నేను గుమ్మం వైపు చూశాను. నేను పెట్టిన గ్లాసు నిండుగా అలాగే ఉంది.

పిన్నిని హాస్పిటల్‌లో చేర్చి వచ్చాక ఆంటీ అమ్మమ్మ పక్కన కూర్చుంది. "మడి తప్పలేదే, ఈ జ్వరం ఎక్కణ్ణించి వచ్చింది?" అని అమ్మమ్మ అదే పనిగా అడుగుతోంది. అప్పుడు ఆంటీ ఎప్పటిదో ఒక సంగతి చెప్పింది. వియన్నాలో ఒక ఆసుపత్రి. మంత్రసానుల వార్డులో కంటే డాక్టర్ల వార్డులోనే బాలింతలు ఎక్కువగా జ్వరంతో పోయేవారు. గాలి మంచిది కాదన్నారు, ఇంకేవో అన్నారు. అక్కడి డాక్టరు ఒకాయనకి, శవాన్ని కోస్తూ కత్తి గాయమైన స్నేహితుడు అచ్చం అలాగే చనిపోయాక గానీ అర్థం కాలేదు. శవాలను కోసిన చేతులతోనే డాక్టర్లు పురిటి గదిలోకి వెళుతున్నారు. ఆయన అందరి చేతా మందునీళ్ళతో చేతులు కడిగించాడు. చావులు తగ్గాయి. పెద్ద డాక్టర్లకు మాత్రం కోపం వచ్చింది, మా చేతులు మైలవా అని. తన చేతులూ ఎందరినో చంపాయని ఆయనకు జన్మంతా బాధే.

అమ్మమ్మ చాలాసేపు తన అరచేతులు చూసుకుంది. "వాళ్ళు ముట్టుకుని చంపారు. నేను ముట్టుకోకుండా చంపేదాన్ని."

మీ తప్పేం లేదని ఆంటీ అనలేదు. "తప్పు తెలిశాక ఆయన ఇంట్లో కూర్చోలేదు పెద్దమ్మా. చేతులు కడుక్కుని మళ్ళీ పేషెంట్ల దగ్గరికే వెళ్ళాడు" అంది.

పిన్ని కోలుకుని ఇంటికి వచ్చేసరికి ఇంకా పురుడు వెళ్ళలేదు. అమ్మమ్మ మోచేతుల దాకా కడుక్కుని, వెళ్ళి మంచం మీద కూర్చుంది. జ్వరం లేని ఆ నుదుటి మీద చెయ్యి వేసి ఎంతకీ తియ్యలేదు. ఆ తరువాత తలస్నానమూ చెయ్యలేదు.

ఏదైనా పొరపాటు చేస్తే చేతులు దులుపుకుని తప్పుకోవడం నాకూ బాగానే వచ్చు. కానీ ఆ నిండు గ్లాసు గుర్తొస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే లేచి చేతులు కడుక్కుని వెళతాను. "తాతా, ఐయామ్ ఫైన్, థర్మామీటర్ ఉంది కదా!" అని మనవరాలు విసుక్కున్నా నుదుటి మీద చెయ్యి వేసి చూస్తాను. మంచినీళ్ళు గుమ్మం దగ్గర పెట్టను, చేతికే ఇస్తాను. తాగేదాకా అక్కడే నిలబడతాను.