కృష్ణబిలానికి దణ్ణం

నన్ను బడికి పంపలేదు. కొవ్వూరులో లెక్కల మాస్టారుగా పనిచేసిన మా అన్నయ్యే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. గోదావరి వంతెన మీద గూడ్సు బండి వెళ్తుంటే మా వంటింటి అలమరలో ఇత్తడి గ్లాసులు సన్నగా మోగేవి.

"చూశావా, బండి కనపడకపోయినా గ్లాసుకి తెలిసింది. ఆకాశంలో మహా బరువైనవి కదిలినా ఇలాగే అల పుడుతుందమ్మా. మనదాకా వచ్చేసరికి అణువంత కూడా మిగలదు. దాన్ని పట్టే గ్లాసు ఇంకా తయారవలేదు" అనేవారు. రిటైరయ్యాక కూడా పేపరు తెరిస్తే ముందు ఆ కబురు కోసమే వెతికేవారు.

కార్తీకంలో అన్నయ్య వెళ్ళిపోయారు. మాఘంలో కబురు వచ్చింది.

ఉదయం దీపం పెట్టి వచ్చేసరికి టీవీలో చెబుతున్నారు. రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి కలిసిపోయాయట, ఆ అల భూమిని తాకిందట. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

అన్నయ్య కూతురు పక్కున నవ్వింది. "అత్తా, దణ్ణం పెట్టేశావేంటి? అక్కడ కృష్ణుడు లేడు. వెలుతురు కూడా బయటికి రాదు, నల్లగా ఉంటుందని ఆ పేరు."

"ఆయన మాత్రం తెల్లగా ఉన్నాడా ఏంటే?" అన్నాను.

నవ్వుతూనే ఏడ్చేసింది. "ఇంకొన్నాళ్ళు ఉంటే నాన్నగారు వినేవారు అత్తా."

ఆ అలను శబ్దంగా మార్చారట, ఫోనులో వినిపించింది. పిట్ట కూసినట్టు కింది నుంచి పైకి లేచి ఠక్కున ఆగిపోయింది. వంద కోట్ల ఏళ్ళకు పైగా ప్రయాణం చేసి వచ్చింది అంతే. మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాను.

ఫోనులో ఇంకా ఏదో చదువుతున్న పిల్ల ఆగిపోయింది. "అత్తా, అల వచ్చింది ఇప్పుడు కాదు. సెప్టెంబరులోనట. నిజమో కాదో ఇన్నాళ్ళూ సరిచూసుకున్నారట."

సెప్టెంబరంటే వినాయక చవితి ముందు. అప్పటికి అన్నయ్య ఉన్నారు.

"ఏ వేళప్పుడే?"

"మనకి మధ్యాహ్నం, మూడు దాటాక."

ఇద్దరం మొహాలు చూసుకున్నాం. ఆ వేళప్పుడు ఆయన వసారాలో పడక్కుర్చీలో గుర్రు పెట్టేవారు.

"నాన్నగారిలోంచే వెళ్ళింది అత్తా, గురక మధ్యలో!"

జన్మంతా ఎదురుచూసిన అల ఆయన్ని తాకకుండా పోలేదు. ఆ మాత్రం దయ చూపిన స్వామికి రుణపడి ఉన్నాను. అయినా మనసు ఊరుకోదు. ఆ మధ్యాహ్నాల్లో నేను పక్కనే గడప మీద చిక్కుడుకాయలు తుంచుకుంటూ, ఎవరొచ్చినా "మెల్లిగా అండీ, అన్నయ్య పడుకున్నారు" అనేదాన్ని. ఆ రోజూ అనే ఉంటాను. ఒక్కసారి తట్టి లేపాలనిపిస్తుంది, ఇప్పటికీ.