చెర్రీ పూలూ మామ్మ చెవుడూ

నా చిన్నప్పుడు నాకు బాగా వచ్చిన సబ్జెక్టు ఒక్కటే, ఎదుటివాళ్ళని ఆటపట్టించడం. మిగతావి రాకే పదో క్లాసుతో బడికి దణ్ణం పెట్టేశాను. ఇది అంతకు మూడేళ్ళ ముందు, సిడ్నీలో జరిగిన సంగతి.

పక్కింటి ఆంటీ వాళ్ళమ్మ కాకినాడ నుంచి వచ్చింది. ఆవిణ్ణి నేను మామ్మా అని పిలిచేవాణ్ణి. ఆవిడకి చదువు లేదు గానీ చెవులు మాత్రం అమోఘం. మా కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో తన గదిలోంచే చెప్పేది. అల్లుడింట్లో ఉన్నానన్న బెరుకుతో తుమ్ము కూడా కొంగులోనే తుమ్మేది.

అది ఆగస్టు. అక్కడ చలికాలం, మామ్మకేమో శ్రావణమాసం. వీధిలో ఒక్క పువ్వు దొరకడం లేదని దిగులు పడుతుంటే, ఆదివారం అంకుల్ జపనీస్ పార్క్‌కి తీసుకెళ్ళాడు. నన్నూ ఎక్కించుకున్నారు. చెర్రీ చెట్లకి ఆకన్నది లేదు, అంతా గులాబీ రంగు పువ్వే. జనం మాత్రం చెట్లకి వీపు తిప్పి ఫొటోలకి నవ్వుతున్నారు.

ఆంటీ, అంకుల్ కాఫీ కోసం లైన్లో నిలబడ్డారు. మామ్మ ఒక చెట్టు దగ్గరున్న బోర్డు చూపించి ఏం రాశారని అడిగింది. ఎవరి పెరట్లో పువ్వైనా అడక్కుండా కోసే మనిషి కాదు. బోర్డు మీద పువ్వులు కోయరాదని ఉంది. నేను మాత్రం, పూజకైతే రెండు రెమ్మలు కోసుకోవచ్చట అని చదివాను. చెయ్యి చాపగానే నవ్వి ఆపుదామని నా ఎత్తు. ఆవిడ చెప్పులు విడిచి, చెట్టుకి దణ్ణం పెట్టి, నేను నవ్వేలోపే రెమ్మ విరిచేసింది.

తోట చూసుకునే ఆయన పరుగున వచ్చాడు. ఫైన్ కట్టాలన్నాడు. అప్పుడే కాఫీలతో వచ్చిన అంకుల్ ముఖం మాడిపోయింది.

"ఏంటత్తయ్యగారూ ఇది? వీణ్ణి అడిగితే చదివేవాడు కదా."

మామ్మ నా వైపు ఒక్కసారి చూసింది. అల్లుడి ముందు తలెత్తుకోవాలంటే నా పేరు చెబితే చాలు.

"వాడు వద్దనే చదివాడు నాయనా. నాకే సరిగ్గా వినబళ్ళేదు. అతనికీ అదే చెప్పరా."

నా నోటితోనే చెప్పాను. ఇంగ్లీషులో. తోటాయన మెత్తబడి, ఫైన్ ఊసు వదిలేసి, ఆవిడ చెవి దగ్గర వంగి కోయకూడదని ఒక్కో మాటే విడదీసి అరిచాడు. మామ్మ చెవికి చెయ్యి అడ్డంపెట్టుకుని తలూపింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అందరూ ఆవిడతో అరిచే మాట్లాడేవారు. ఆవిడ కూడా "ఆఁ?" అంటూ రెండోసారి చెప్పించుకునేది. ఊరికి వెళ్ళేదాకా అంతే. డాక్టరుకి చూపిద్దామంటే, వయసు మీదపడిందిలే అని తప్పించుకుంది.

పార్కుకి వెళ్ళొచ్చిన మర్నాడే నేను బడినుంచి వచ్చి, ఫెన్స్ దగ్గరికెళ్ళి, తప్పయింది మామ్మా అని గొణిగాను. పెరట్లో బియ్యంలో రాళ్ళేరుతున్న ఆవిడకి వినబడింది.

"నాకు చదువు లేదురా అబ్బాయ్. నీ కళ్ళతో చదువుకున్నాను," అంది తలెత్తకుండా.

ఇప్పుడు నా తల కూడా నెరిసింది. మనవాళ్ళెక్కువగా ఉండే హారిస్ పార్క్ పేటలో పిల్లల దగ్గరికొచ్చిన పెద్దవాళ్ళు కనిపిస్తే వదలను, పంచెకట్టు దగ్గర్నుంచి పళ్ళసెట్టు దాకా ఆటపట్టిస్తాను. కానీ ఎవరైనా ఓ కాగితం చేతికిచ్చి ఏం రాశారయ్యా అంటే, వరుస కింద వేలు పెట్టి ఉన్నది ఉన్నట్టు చదువుతాను. తెలియని మాట వస్తే తెలియదంటాను. అంతసేపూ ఒక్క జోకూ పడకపోయేసరికి, పాపం, వాళ్ళే అడుగుతారు, ఒంట్లో బాగోలేదా అని.