ఎడమవైపు గీతలు

పుంగనూరులో వరదరాజులు కారుకు మంచి పేరుండేది. ఇరవై ఏళ్లకు పైగా బాడుగకు తోలుతున్నాడు. మదనపల్లె టమోటా వ్యాపారులైనా, కుప్పం నుంచి బెంగళూరు ఆసుపత్రులకు పోయే ముసలివాళ్లైనా ఆయన బండి దొరికితే నిశ్చింతగా కూర్చునేవాళ్లు. "రాజులప్ప తోలితే ఒళ్లో బిడ్డ గూడా నిద్ర లేవదు" అనేవాళ్లు. ఆ మాట చెవిన పడితే ఆయన ఆ పూట ఒక ముద్ద ఎక్కువ తినేవాడు.

కుప్పం దారిలో గ్రానైటు లారీల వెనక పోతే కంకర ఎగిరి బానెట్టుకు తగులుతుంది. గోరంత మేర పెయింటు లేచి ఇనుము బయటపడుతుంది. వదిలేస్తే తుప్పే. షెడ్డుకు తీసుకుపోతే బానెట్టు మొత్తానికి కొత్త రంగు కొట్టాలంటారు. అది ఇష్టం లేక, ఏటా వానలకు ముందు ఇంటి దగ్గరే నీడలో నిలిపి తానే సరిచేసుకునేవాడు.

ఈ ఏడూ అట్లే మొదలుపెట్టాడు. సబ్బునీళ్లతో కడిగి, తడి లేకుండా తుడిచాడు. తుప్పు పట్టిన చోట్ల నున్నటి ఉప్పుకాగితంతో రుద్దాడు. కారు మీదున్న రంగు నంబరు చెప్పి తెప్పించుకున్న తెల్లరంగు సీసాను బాగా కుదిపి, అగ్గిపుల్ల మొనతో చుక్క చుక్కగా పెట్టాడు. ఒక పూత ఆరితే గానీ రెండోది వేయకూడదు. తొందరపడితే మొటిమలా ఉబ్బుతుంది.

బానెట్టు మీది దెబ్బలన్నీ ఆయనకు తెలిసినవే. అవి ముగించి ఎడమవైపుకు పోయి, అక్కడే నిలబడిపోయాడు. బంపరు మూల చెక్కుకుపోయి ఉంది. అద్దం వెనక ఒక గీత. తలుపు అంచున ఇంకొకటి, దాంట్లో ఏ గేటుదో, ఏ ఆటోదో పచ్చరంగు అంటుకుని ఉంది. ఇవి ఎప్పుడు తగిలాయి? ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. కారును ఇంకొకరి చేతికి ఇచ్చిన పాపాన పోలేదు ఆయన.

అప్పుడు శాంతిపురం ఊరి దగ్గర జరిగింది గుర్తొచ్చింది. మొన్న గ్రానైటు క్వారీ మేస్త్రీ గంగులప్పను ఎక్కించుకుని కుప్పం నుంచి వస్తుంటే, పక్క సీట్లోంచి అతను పెద్దగా అరిచాడు.

"రాజులప్పా, ఎడమపక్క ఆయమ్మ!"

బ్రేకు పడింది. గడ్డిమోపు నెత్తికెత్తుకున్న ఒకామె బండికి జానెడు దూరంలో నిలబడి ఉంది.

"సూసినావా లేదా?"

"సూసినాలేప్పా. ఆమే అడ్డమొచ్చె."

నిజానికి చూడలేదు. ఎండ కళ్లల్లో పడిందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఇప్పుడు ఆ గీతల ముందు గొంతుక్కూర్చుని గబగబా రంగు పూయసాగాడు. ఆరనివ్వలేదు. పూత మీద పూత. రంగు కిందికి కారింది. ఎవరూ చూడకముందే ఇవి కనపడకుండా పోతే చాలనిపించింది.

"శాంతా! కాపీ తెస్తానంటివే, యాడుండావు?" అని ఇంట్లోకి కేకేశాడు.

"ఈడే ఉండా కదయ్యా. గ్లాసు పట్టుకోని ఎంతసేపు నిలబడాల?"

భార్య శాంతకుమారి ఆయన ఎడమ భుజం పక్కనే ఉంది. తల పూర్తిగా తిప్పితే గానీ కనిపించలేదు. ఆమె నవ్వబోయి ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టి, తన చేతిని ఆయన చెవి పక్కనుంచి మెల్లగా ముందుకు తెచ్చింది.

"తల తిప్పాకు. నా చెయ్యి కనపడతాందా?"

"ఏం ఆటలు ఇవి? పో లోపలికి."

"కనపడతాందా అని అడగతాండా."

చెయ్యి ముక్కు దగ్గరికి వచ్చినాక గానీ ఆయన "ఆ, కనపడతాంది" అనలేదు.

"ఎన్నాళ్ల నుంచి?" అంది ఆమె.

"తెలీదు శాంతా. నిజంగా తెలీదు. మెల్లగా పోయినట్టుండాది. మొన్న శాంతిపురం కాడ ఒకామె... రవంతలో తప్పిపాయ."

"తగిలింటే?"

ఆయన రంగు సీసాకు మూత బిగించాడు.

మరుసటి రోజు ఇద్దరూ బస్సెక్కి మదనపల్లె పోయారు. కంటి డాక్టరమ్మ పరీక్షలు చేసి, నీటికాసులు అని చెప్పింది. కంటి లోపల ఒత్తిడి పెరిగి, నొప్పీ గిప్పీ లేకుండానే పక్కల నుంచి చూపు తగ్గుతూ వస్తుందట. ఎడమ కంట్లో ముదిరింది. కుడి కంట్లోనూ మొదలైంది.

"పోయిన చూపు రాదప్పా. చుక్కల మందు మానకుండా వేసుకుంటే ఉండే చూపు నిలబెట్టుకోవచ్చు. బండి మాత్రం తోలొద్దు."

"పగటిపూట, దగ్గిర దగ్గిర ఊర్లకు..."

"పగలైనా వద్దు."

ఆసుపత్రి బయటికి వచ్చి గంగులప్పకు ఫోను చేశాడు. రేపు అతన్ని బెంగళూరు తీసుకుపోవాలి.

"రాలేనప్పా, కంటిచూపు పోతాంది. ఆ పొద్దు ఆయమ్మను నేను సూడలేదు. నువ్వు అరిసినందుకు ఆమె బతికిపాయ."



"నా పెండ్లాంబిడ్డల్ని గూడా ఎక్కించి పంపినా గదప్పా నీ బండ్లో," అన్నాడు గంగులప్ప. ఫోను పెట్టేశాడు.

కారును ఇప్పుడు బి.కొత్తకోట నుంచి పిలిపించుకున్న డ్రైవరు మునికుమార్ తోలుతున్నాడు. మొదటి ట్రిప్పుకు వరదరాజులు తోడుపోయాడు. ఎడమ సీట్లో కూర్చుని, మలుపు మలుపుకూ తల పూర్తిగా తిప్పి రోడ్డు పక్కకు చూశాడు. ఎవరైనా నడిచిపోతుంటే ఆయన కుడికాలు కింది రబ్బరు మ్యాటును బ్రేకులా గట్టిగా తొక్కేది. మునికుమార్ అది గమనించాడు. బండి వేగం తగ్గించాడు.