చిన్నాన్న పోసిన నూనె

నా చిన్నప్పుడు రంగూన్లో మేమున్న గది వెనక, రేకుల షెడ్డులో ఒక మిషను ఉండేది. దాన్ని ఎవరు తిప్పబోయినా అచ్చం మా చిన్నాన్న దగ్గినట్టు దగ్గేది. చిన్నాన్న అప్పటికే చనిపోయాడు.

రంగూన్ అంచున అహ్లోన్‌లో నది ఒడ్డున ఒక బియ్యం మిల్లు, దాని పక్కన మిల్లు దొర బంగళా, బంగళా ముందు నది దాకా వాలుగా దిగే పెద్ద పచ్చిక. మా తాతయ్య విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, ఆ మిల్లు ఇంజన్లకు నూనె పోసే పనిలోనే ముసలివాడయ్యాడు. చిన్నాన్నకు మాత్రం బంగళా తోటలో పని దొరికింది. మొదట్లో ఆ గడ్డిని ఎద్దు లాగే కోతబండితో కోసేవారట. తర్వాత దొరల సీమ నుంచి పెట్రోలుతో నడిచే గడ్డి మిషను ఒకటి వచ్చింది. పైన చిన్న ఇంజను, కింద గిర్రున తిరిగే కత్తులు, వెనక పట్టుకుని నడవడానికి రెండు పిడులు. దాన్ని చిన్నాన్నకు అప్పగించి, తోట వెనక ఒక పొడవాటి గది కూడా ఇచ్చారు. అమ్మా నాన్నా నేనూ, తాతయ్యా, చిన్నాన్నా పిన్నీ, అందరం ఆ గదిలోకి మారాం.

చిన్నాన్నది పొడి దగ్గు. దగ్గి, కాస్త ఆగి, గొంతులో ఏదో అడ్డుపడినట్టు మళ్లీ దగ్గేవాడు. మిషను మోత ఆగిన వెంటనే ఆ దగ్గు వినిపించేది. పిన్ని అది విని అన్నం వడ్డించేది.

వానలు మొదలైన రోజుల్లో కలరా వచ్చింది. పొద్దున గడ్డి కోసిన మనిషిని మధ్యాహ్నానికి ఆసుపత్రి బండి ఎక్కించుకుపోయారు. మేం మళ్లీ ఆయన్ని చూడలేదు. అంటురోగమని అక్కడే ఎక్కడో దహనం చేసేశారు. తాతయ్య వానలో తడుస్తూ ఆసుపత్రి గేటు దగ్గర ఎంతసేపు నిలబడినా చిటికెడు బూడిద కూడా చేతికి రాలేదు.

పిన్ని ఏడవలేదు. రోజూ చిన్నాన్న కంచంలో అన్నం పెట్టి, మూత వేసి ఉంచేది. పొద్దుగూకాక ఆ అన్నం కాకులకు వేసి, మర్నాడు మళ్లీ పెట్టేది.

కొన్నాళ్లకు వాన తెరిపిచ్చినప్పుడు బంగళా బట్లరు మిషను తీయించాడు. నాన్న కాలితో కిక్కు కొట్టాడు. ఇంజను ఒకసారి దగ్గింది. ఆగింది. గొంతులో ఏదో అడ్డుపడినట్టు మళ్లీ దగ్గి చచ్చిపోయింది. నాన్న పిడి వదిలేసి వెనక్కి జరిగాడు. పిన్ని పొయ్యి దగ్గర నుంచి అలాగే పరిగెత్తుకొచ్చింది. ఆమె మొహంలో అంత వెలుగు నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఆనాటి నుంచి తోట పనివాళ్లెవరూ ఆ షెడ్డులోకి పోలేదు. మేమంతా ఊలే, అంటే వాళ్ల భాషలో మామయ్య, అని పిలుచుకునే ముసలి బర్మా తోటమాలి రోజూ గుమ్మంలో ఇన్ని పూలూ గుప్పెడు అన్నమూ పెట్టి దండం పెట్టుకుని పోయేవాడు. పిన్ని మాత్రం లోపల మిషను పక్కనే కూర్చునేది. నాన్నని బతిమాలి రోజుకొకసారి కిక్కు కొట్టించేది. నేను ఆ చల్లటి ఇనుముకి చెవి ఆనించి, "చిన్నాన్నా" అని మెల్లగా పిలిచేదాన్ని. ఒక్కోసారి లోపల ఏదో టక్కుమనేది. మర్నాడు మళ్లీ వెళ్లేదాన్ని.

వానలు తగ్గేసరికి గడ్డి నా నడుము దాకా పెరిగింది. చలికాలం విందుకు దొరలంతా వస్తారు, ఆలోగా మిషను నడవకపోతే వేరే మనిషిని పెట్టుకుంటాం, గది అతనికి ఇవ్వాలి అని బట్లరు చెప్పిపోయాడు. అందరం తాతయ్య వైపు చూశాం. ఇంజన్లతో బతికిన మనిషి, అన్నాళ్లూ ఆ షెడ్డులో అడుగే పెట్టలేదు. అడిగినప్పుడల్లా "రేపు సూద్దారి" అనేవాడు.

చివరికి ఒక ఉదయం పానా, గిన్నె, పాత గుడ్డలు పట్టుకుని బయలుదేరాడు. పిన్ని గుమ్మానికి అడ్డంగా కూర్చుని ఆయన కాళ్లు పట్టుకుంది.

"దాన్ని ముట్టుకోకు మావా. మనిషి ఎలాగూ పోనాడు. ఆ దగ్గు కూడా నాకు నేకుండా సేత్తావేటి?"

అది ఉత్త ఇనుము, పిచ్చిదానా అని తాతయ్య కసురుతాడనుకున్నాను. ఆయన పానా కింద పెట్టి, ఆమెకు ఎదురుగా మట్టిలో చతికిలబడ్డాడు.

"నానూ ఇన్నానమ్మా," అన్నాడు. "రోజూ గోడవతల నిలబడి ఇంతన్నాను. నా కొడుకు దగ్గే అది."

పిన్ని తలెత్తింది.

"మరి ఊపిరాడక కొట్టుకుంతన్నట్టే ఉంది గదా. ఇంకెన్నాళ్లు దగ్గిద్దాం ఆడిచేత?" అన్నాడు తాతయ్య.

పిన్ని ఆయన కాళ్లు వదిలేసింది. కాసేపటికి లేచి, కింద ఉన్న పానా తనే తీసుకుంది.

ముందు ఇంజను కాసేపు నడవాలన్నాడు తాతయ్య. "సల్లారిన నూనె కదలదు. మడ్డంతా అడుగునే ఉండిపోద్ది. ఎచ్చబడ్డాకే దింపాల." ఆయన కిక్కు మీద కిక్కు కొడుతూ, ఆగబోయినప్పుడల్లా పెట్రోలు సవరిస్తూ ఆ దగ్గును ఆపకుండా నిలబెట్టాడు. అంతసేపు ఆ దగ్గును మేం ఎప్పుడూ వినలేదు. రేకుల షెడ్డంతా అదే. ఊలే బయట నేల మీద మోకరిల్లాడు. పిన్ని కళ్లు మూసుకుని ఇంజను మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. అది కాలుతోందేమో, అయినా తియ్యలేదు.

తాతయ్య ఇంజను ఆపాడు. అడుగున ఉన్న బిరడా ఎక్కడుందో పిన్నికి చూపించాడు గాని, తను విప్పలేదు. ఆమె వంగి పానా తిప్పింది. నల్లటి నూనె మొదట బొట్లుగా, తర్వాత ధారగా గిన్నెలోకి దిగింది. పిన్ని ఆ ధార కింద చెయ్యి పెట్టింది.

"ఎచ్చగుంది మావా," అంది. "ఇంకా ఎచ్చగుంది."

అప్పుడు ఏడ్చింది. వానాకాలమంతా ఏడవనిదంతా ఏడ్చింది. తాతయ్య ఆమె చేతి మీద తన చెయ్యి వేసి, ధార బొట్లు బొట్లయి ఆగేదాకా అలాగే ఉన్నాడు.

ఆ తర్వాత ఆయన పని మామూలుగా సాగింది. ప్లగ్గు ఊడదీసి దానికి పట్టిన మసి గీకాడు. పెట్రోలు గొట్టంలోని జాలీని కడిగాడు. బిరడా బిగించి, కొత్త నూనెను పల్చటి గుడ్డలో వడకట్టి గీత దాకా పోశాడు. ఒక్క కిక్కుకే ఇంజను అందుకుంది. ఎక్కడా తడబాటు లేని ఒకే మోత. నేను చెవి రిక్కించి విన్నాను. అందులో ఎవరూ లేరు. దగ్గు ఉన్నన్నాళ్లూ కలగని భయం నాకు అప్పుడు కలిగింది.

గిన్నెలోని నూనెను కాలవలో పారబోద్దామని నేను ఎత్తబోతే తాతయ్య వద్దన్నాడు. సాయంత్రం స్నానం చేసి, గిన్నె పట్టుకుని, పిన్నినీ నన్నూ నది ఒడ్డుకు తీసుకెళ్లాడు. పోటు తగ్గి నీరు వెనక్కి తీస్తోంది. నువ్వులు కలిపిన అన్నం ముద్ద నీళ్లలో వదిలి, గిన్నె పిన్ని చేతికిచ్చాడు. ఆమె మెల్లగా వంచింది. నూనె బురద నీళ్ల మీద విచ్చుకుని, ఊదాగా పచ్చగా మెరుస్తూ, పడవల మధ్య నుంచి సముద్రం వైపు సాగిపోయింది.

"తాతా, చిన్నాన్న అందులో ఉన్నాడా?" అని అడిగాను.

"నూనెలో మనిసెక్కడుంటాడమ్మా," అన్నాడు, పిన్నికి వినపడనంత మెల్లగా. "ఆడు సివరిసారి పోసిన నూనె. ఆడి సెయ్యి తగిలింది. మనకింకేటి మిగిలిందని?"

మర్నాడు పిన్ని ఆ కంచం కడిగి బోర్లించింది. మిషను పని నాన్న తీసుకున్నాడు. గది మాకే ఉండిపోయింది. కొన్నాళ్లకు పిన్ని మిల్లులో బియ్యం చెరగడానికి వెళ్లసాగింది. అక్కడి ఆడవాళ్లతో నవ్వుతూ ఇంటికొచ్చిన రోజు కూడా నాకు గుర్తుంది.

తాతయ్యకే తెరిపి రాలేదు. నాన్న గడ్డి కోస్తున్నప్పుడల్లా వచ్చి షెడ్డు గోడకు ఆనుకుని, తల ఒక పక్కకు వంచి వినేవాడు. కోత అయిపోయి ఇంజను ఆగాక కూడా కాసేపు అలాగే నిలబడి, తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు. ఇంజన్ల ఊపిరి తెలిసిన మనిషి. మసి పట్టిన ప్లగ్గు ఎలా దగ్గుతుందో ఆయనకు మొదటి రోజే తెలిసి ఉంటుంది. తెలిసే అన్నాళ్లూ రేపు, రేపు అన్నాడు. ఈ సంగతి నాకు చాలా పెద్దదాన్నయ్యాక గాని తట్టలేదు.

ఇప్పుడు నా వయసు ఆయన అప్పటి వయసును దాటిపోయింది. చావు జరిగిన ఇళ్లకు ఎన్నింటికో వెళ్లాను. కొక్కేనికి వేలాడే చొక్కా, ఎవరూ పడుకోని పక్క, గుమ్మంలో చెప్పులు చూశాను. అవి తీసెయ్యండి, అందులో ఏముంది అని నేను ఎవరితోనూ అనలేదు. పక్కన కూర్చుంటాను, అంతే. తియ్యాలని వాళ్లకే అనిపించిన రోజు నన్ను పిలుస్తారు. వెళ్లి, వాళ్ల చేతి మీద నా చెయ్యి వేస్తాను.