ఎనిమిదో గొంతు

రాజమండ్రిలో ఆరూ నలభైకి కదలాల్సిన పాసింజరు ఏడూ పదికి కదిలింది. ముప్ఫయ్యేళ్ళు సంగీతం టీచరుగా చేసి రిటైరైన దాన్ని. పిల్లలు తాళం తప్పితే ఊరుకోను గానీ, రైళ్ళ మీద నాకెప్పుడూ ఆశల్లేవు. డిసెంబరు నెల. తణుకు అవతల ఒక కాన్వెంటు ఆడపిల్లల హైస్కూల్లో బృందగానం పోటీలకి జడ్జిగా రమ్మని అక్కడి హెడ్మిస్ట్రెస్ సిస్టర్ గారు ఉత్తరం రాశారు. గెలిచిన జట్టు కాకినాడలో ఆఖరి పోటీకి వెళ్తుంది. ఊరి పేరు మాత్రం రాయను. ఎందుకో చదివాక మీకే తెలుస్తుంది.

వంతెన మీద ఒకటే మంచు. కింద గోదావరి ఉందో లేదో తెలీలేదు. ఎదురు సీట్లో అరటి గెలల వ్యాపారి కిటికీలోంచి తొంగిచూసి, "నీళ్ళున్నాయంటారాండి కింద?" అన్నాడు.

"లేకపోతే వంతెనెందుకు కడతారు బాబూ!" అన్నాను. అందరూ నవ్వారు.

నిడదవోలులో బండి అరగంట ఆగింది. ప్లాట్‌ఫాం మీద ఇడ్లీ తిన్నాను, చట్నీలో నీళ్ళు తప్ప ఏమీ లేదు. తణుకులో దిగేసరికి తొమ్మిదిన్నర. ఊరంతా చెరుకు మడ్డి వాసన. బస్టాండులో పావుగంటకి బస్సు దొరికింది. నిలబడ్డ నన్ను చూసి ఒకావిడ జరిగి చోటిచ్చింది. నలభై దాటి ఉండవు. ఒళ్ళో తువ్వాలు చుట్టిన ఎర్ర ఫ్లాస్కు.

"మిరియాల పాలండి, మా అమ్మాయికి. ఈవేళ దాని పాట ఉంది," అంది. స్కూలు పేరు చెప్పగానే చెయ్యెత్తి ఆపాను.

"అమ్మా, ఇంకొక్క ముక్క చెప్పకండి. నేను అక్కడికే జడ్జిగా వెళ్తున్నాను. పిల్ల పేరు తెలిసినా నా మార్కులకి మచ్చే," అన్నాను.

ఆవిడ నవ్వి ఊరుకుంది. దిగేదాకా మళ్ళీ నోరు విప్పలేదు. దిగాక నా వెనకే నడిచి స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్ బల్ల మీద కూర్చుంది. "లోపలికి రారా?" అన్నాను. "ఇక్కడికి వినబడుతుందిలెండి," అంది. హాలు చూస్తే రెండు మేడలు దాటి ఎక్కడో చివర్న ఉంది. పిచ్చి తల్లి అనుకుని నేను లోపలికి వెళ్ళిపోయాను.

సిస్టర్ గారు సన్నగా, చురుగ్గా ఉన్నారు. టీ ఇచ్చి, గదిలో అద్దాల బీరువా చూపించారు. త్రోబాల్ కప్పులు, సైన్స్ ఫేర్ షీల్డు, చేతిరాత పోటీల పతకాలు. గోడ మీద పోయినేటి పాటల జట్టు ఫోటో, ఎనిమిది మంది పిల్లలు. "మూడంటే మూడు మార్కుల్లో పోయిందండి కాకినాడ. ఈసారి పట్టు మీదున్నారు," అన్నారు. మొహాలు గుర్తుండకూడదని నేను ఫోటో వైపు మళ్ళీ చూడకుండా టీ తాగాను.

ఆ పోటీల పద్ధతి మీకు చెప్పాలి. జడ్జీలు స్టేజీకి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చోవాలి. యూనిఫారం చూస్తే ఏ స్కూలో తెలిసిపోతుందని. పాటకి నంబరే తప్ప పేరుండదు. మార్కుల కాగితంలో 'గొంతులు' అని ఒక గడి ఉంటుంది. ఎంతమంది పాడుతున్నారో చెవితోనే లెక్కపెట్టి అందులో రాయాలి. ఎందుకంటే ఒకప్పుడు కొన్ని బళ్ళలో టీచర్లు తెర వెనక నిలబడి పిల్లల గొంతుల్లో గొంతు కలిపేసేవారు. ఆ గడిలో అంకె, స్టేజీ మీద తలల లెక్క కలవకపోతే జట్టు పోటీలోంచి అవుట్. నా అంకె ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఆ గర్వం నాకు బాగానే ఉంది, దాచుకోను.

పదకొండింటికి మొదలైంది. నా పక్కన తణుకు నుంచి వచ్చిన వయొలిన్ మాస్టారు. నాలుగు పాటలు అయిపోయాయి, సరుకు లేదు. ఐదో నంబరు పాట, గోదావరి మీద. పల్లవి వినగానే నిటారుగా కూర్చున్నాను. ఏడు గొంతులు, శుభ్రంగా, ఒకే ఊపిరిలా. మూడో చరణం దగ్గర అందరూ ఆగారు. హార్మోనియం మాత్రం సాగింది. అప్పుడు ఒక్క గొంతు ఎత్తుకుంది. అంతవరకూ వినని గొంతు. పైస్థాయికి వెళ్ళినప్పుడు కాస్త జీర, అయినా ఏం నిలకడ! స్టేజీ మీంచి కాదు, నా ఎడమ భుజం పక్కన నిలబడి పాడినట్టు వినబడింది. తాళం రెండు ఆవృతాలు తిరిగాక మిగతావాళ్ళు అందుకున్నారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. 'గొంతులు 8' అని రాసి, పక్కన 'మూడో చరణం ఎత్తుగడ, చిన్న జీర, అద్భుతం' అని రాశాను.

పులిహోర, పెరుగన్నం తిన్నాక ఆఫీసు గదిలో కాగితాలు కలిపారు. ఐదో నంబరుకే మొదటి స్థానం. అది ఈ స్కూలేనట. అయితే మాస్టారి కాగితంలో గొంతులు ఏడు. స్టేజీ మీద లెక్క కూడా ఏడే.

"మాస్టారూ, మూడో చరణం ఎత్తుకున్న గొంతు వదిలేశారేం?" అన్నాను.

ఆయన వింతగా చూశారు. "అక్కడ ఖాళీ కదండీ. రెండు ఆవృతాలు ఒట్టి హార్మోనియమే."

నా కాగితం ఆయన ముందు పెట్టాను. మాస్టారే లేచి స్టేజీ తెర వెనక చూసొచ్చారు. సగం రంగేసిన క్రిస్మస్ పశువుల పాక, విరిగిన బెంచీ. మనిషి అడుగు పడ్డ జాడ కూడా లేదు, నేలంతా సున్నప్పొడే. సిస్టర్ గారి మొహం పాలిపోయింది. "ఎనిమిదంటే మా టీచరెవరో దొంగతనంగా పాడినట్టే అనుకుంటారు మేడం. పిల్లల కష్టం బూడిదవుతుంది. ఏడని దిద్దండి."

"విన్నది రాశాను సిస్టర్. దిద్దడం నాకు చేతకాదు," అన్నాను. మొండితనం కాదు, భయం. దిద్దితే నా చెవుల్ని నేనే నమ్మనట్టు.

జట్టు కెప్టెన్ని పిలిపించారు. దుర్గ, పదో తరగతి, రెండు జడల పిల్ల.

"ఆ లైను ఎవరు పాడారమ్మా?" అని అడిగాను.

"ఎవరమూ పాడలేదు మేడం. అది రోజీ లైను." సిస్టర్ గారు సిలువ గుర్తు వేసుకున్నారు. దుర్గ ఆగలేదు: "వానల్లో జ్వరమొచ్చి చచ్చిపోయింది మేడం. దాని చోట ఇంకొకళ్ళని పెడతానన్నారు సిస్టర్. మేం ఒప్పుకోలేదు. ఆ లైను దానికే వదిలేసి నోరు మూసుకుని నిలబడతాం."

నేను కాగితం చూపించాను. దుర్గ చదువుకుంది. భయపడుతుందనుకున్నాను. లేదు, కళ్ళు తుడుచుకుంటూ, "మీకు వినబడిందా మేడం? మాకు ఒక్కసారీ వినబడలేదు," అంది. ఆ గొంతులో అసూయ ఉంది, నిజం చెబుతున్నాను.

ఎనిమిదని ఉంటే జట్టు అవుటవుతుందని సిస్టర్ గారు దుర్గకి చెప్పారు. దుర్గ కాగితం నా వైపు జరిపి అంది: "దిద్దేయండి మేడం. దిద్దితేనే కదా అది మాతో కాకినాడ వచ్చేది."

కలం తీసి ఎనిమిది కొట్టేశాను. ఏడు వేసి సంతకం పెట్టాను. పక్కన జీర గురించి రాసిన ముక్క కూడా ఎవరికీ చదివి వినిపించకుండా కొట్టేశాను. పిల్లని నా చేత్తో కొట్టేసినట్టే అనిపించింది. బయట ఏడుగురూ గంతులేస్తుంటే అక్కడ ఉండలేకపోయాను.

నాలుగింటికి గేటు దగ్గరికి వస్తే ఆవిడ అదే బల్ల మీద, అదే ఫ్లాస్కుతో ఉంది. ఆవిడ ఎవరో అప్పటికి గానీ నాకు బుర్రకెక్కలేదు. మళ్ళీ ఒకే బస్సు, ఒకే సీటు. బస్సు కదిలాక ఆవిడ, "ఇప్పుడు మాట్లాడొచ్చాండి?" అంది.

"మాట్లాడండమ్మా."

"గెలిచారని వాచ్‌మన్ చెప్పాడు."

"లోపలికి రావాల్సింది."

"వస్తే ఏడుగురే కనబడతారు కదండి." ఫ్లాస్కు మూత తిప్పుతూ తిప్పుతూ ఆగింది. "మూడో చరణంలో పైకి వెళ్ళేటప్పుడు దాని గొంతు కాస్త జీరపోతుందండి. ఎంత చెప్పినా పాలు తాగదు. ఇవాళా జీరపోయిందా?"

చుట్టూ జనం, కండక్టరు ఈల. నేను చూస్తే కాగితం మీద ఏడు వేసి వచ్చిన దాన్ని.

"పోయిందమ్మా. కానీ శ్రుతి తప్పలేదు," అన్నాను.

ఆవిడ తల ఊపింది. మూతలో పాలు పోసి నా చేతికిచ్చింది. తణుకు ముందు స్టాపులో దిగిపోయింది.

రైలు ఆరుంబావుకి. వంతెన మీదికి వచ్చేసరికి మళ్ళీ మంచు పట్టింది. మీలో ఎవరైనా కాకినాడ పోటీకి వెళ్తే, గోదావరి పాట మూడో చరణం దగ్గర ఆ పిల్లలు లైను మర్చిపోయారనుకోకండి. కాస్త స్టేజీకి వీపు పెట్టి కూర్చోండి. రాజమండ్రిలో దిగేదాకా నా నోట్లో మిరియాల ఘాటు అలాగే ఉంది.