తెలెస్ఫోరో బండి కిందికి దిగిన వారం

తెలెస్ఫోరో ఆర్చులేటాకి ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న. రెండేళ్లపాటు దానిమీదే బతుకు నెట్టుకొచ్చాడంటే అతిశయోక్తి కాదు. తన పాత షెవర్లే ట్రక్కుని ముందువైపు కిందికి దించాలి. ఎలా దించాలి?

ఎస్పన్యోలా ఊళ్లో పాత బండి ఉన్నవాడెవడైనా దాన్ని నేలకి తగిలేదాకా దించి, ఆదివారం సాయంత్రం రివర్‌సైడ్ రోడ్డు మీద పెళ్లి ఊరేగింపులా నడిపిస్తాడు. తెలెస్ఫోరో బండి మాత్రం మూతి పైకెత్తుకుని నిలబడేది. "ఏం బావా, ఎక్కడానికి నిచ్చెన కూడా వెంట తెచ్చుకుంటున్నావా?" అని ఏడిపించేవాడు ఒనేసిమో. ఊళ్లో బళ్లు బాగుచేసే గ్యారేజీ అతనిదే, పైగా వరసకి బావ. ఇక ఏడిపించడానికి అడ్డేముంది?

శనివారం వచ్చిందంటే తెలెస్ఫోరో గడ్డం గీసుకుని, తనుండే కోర్డోవా కొండ దిగి ఆ గ్యారేజీకి చేరేవాడు. పచ్చిమిర్చి కూర చుట్టిన బురిటో రొట్టెలు అందరికీ పంచి, తిరగేసిన డబ్బా మీద కూర్చుని తన ప్రశ్న వదిలేవాడు. ఇంక అక్కడ పని సాగితే ఒట్టు.

"స్ప్రింగు ఒక చుట్టు కోసి పారేస్తే పోలా?" అనేవాడు సీట్లు కుట్టే ఫెర్మిన్.

"కోస్తే మళ్లీ అతుకుతావా నువ్వు? గతుకు గతుక్కీ ఆయన నడుం విరిగితే ఎవడు మొయ్యాలి?" అని లేచేవాడు ఒనేసిమో. అతని ఓటు స్పిండిల్‌కి. చక్రాన్ని పట్టి ఉంచే ఆ ఇనుప ముక్కని మార్చేస్తే చక్రం పైకి జరుగుతుంది, బండి దిగుతుంది, స్ప్రింగు జోలికే పోనక్కర్లేదు. మూడో దారి గాలి బెలూన్లు. స్ప్రింగులు తీసేసి అవి పెడితే, మీట నొక్కగానే బండి లేస్తుంది, మళ్లీ నొక్కితే కూర్చుంటుంది. ఒనేసిమోకి వాటి పేరెత్తితేనే మంట. "వాటికి గాలి కారడం తప్ప ఇంకో పని తెలీదు" అనేవాడు. కేకలు, బూతులు, నవ్వులు. పొద్దు వాలేదాకా ఏదీ తేలేది కాదు.

"చూద్దాంలే, వచ్చే వారం చెప్తా" అని లేచేవాడు తెలెస్ఫోరో.

అంత తేల్చుకోలేని మనిషా అంటే కాదు. ఉద్యోగమంతా కొండ అంచుల్లో రోడ్డు చదును చేసే యంత్రం నడిపినవాడు, తటపటాయిస్తే లోయలో ఉండేవాడు. అసలు సంగతి వేరు. ఏదో ఒకటి తేల్చేస్తే పని ఒక్క రోజులో అయిపోతుంది. ఆ తర్వాత ఏం వంక పెట్టుకుని కొండ దిగాలి? భార్య ప్రిసిలా చెల్లెలి దగ్గరికని అల్బుకర్కీ పట్నం వెళ్లి అక్కడే ఉండిపోయింది. కొట్లాట కూడా జరగలేదు. జరిగుంటే తిట్టుకోవడానికైనా ఫోన్ చేసుకునేవాళ్లు. శుక్రవారం వచ్చేసరికి అతనికి తన గొంతే కొత్తగా ఉండేది. ఒంటరిగా ఉంది అన్న మాట గ్యారేజీలో మగవాళ్ల ముందు అనేది కాదు. స్ప్రింగుల గురించి అడిగితే ఎవరూ వింతగా చూడరు.

లోలోపల మాత్రం ఎప్పుడో తేల్చుకున్నాడు. బెలూన్లే. అవి కారతాయి. కారినప్పుడల్లా గ్యారేజీకి రావాలి. ఈస్టర్ వెళ్లాక ఆ మాట చెప్పేద్దామనుకున్నాడు.

ఈలోగా కంట్లో శుక్లం ముదిరిందని ఆపరేషన్ చేశారు. కొన్నాళ్లు బండి నడపకూడదన్నారు కనక ట్రక్కుని ముందే గ్యారేజీ ఆవరణలో వదిలాడు. డాక్టరు సరేనన్నాక ఫెర్మినే కొండెక్కి వెళ్లి అతన్ని తీసుకొచ్చాడు. దారి పొడుగునా ఎందుకో నవ్వు ఆపుకుంటూనే ఉన్నాడు.

ట్రక్కు కిందికి దిగి ఉంది. ముందు చక్రాలు మడ్‌గార్డుల్లోకి ఒద్దికగా ఒదిగి, బండి మొత్తం నేల మీద పడుకున్న కుక్కలా హాయిగా ఉంది. చుట్టూ నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు.

"నువ్వు చచ్చేదాకా తేల్చవని మేమే తేల్చాం బావా! స్పిండిలే. కారదు, విరగదు, ముట్టుకోనక్కర్లేదు. ఇక జన్మలో నా గడప తొక్కక్కర్లేదు పో!" అన్నాడు ఒనేసిమో.

తెలెస్ఫోరో బానెట్ మీద చెయ్యి ఆనించాడు. పని ఎంత శుభ్రంగా చేశారో చూస్తేనే తెలుస్తోంది. వీళ్లకి తనంటే ఇంత ఇష్టమని ఈ రోజుదాకా తెలియదు, తెలిసిన రోజే అంతా అయిపోయింది.

"బెలూన్లు పెట్టాల్సింది" అన్నాడు.

"ఎందుకు? వారం వారం కారితే నా దగ్గరికి పరిగెత్తుకు రావడానికా?"

"అవును."

అందరూ గొల్లుమన్నారు. ఆపరేషన్ కన్ను కారుతోందని ఎవరో రుమాలు ఇచ్చారు. రెండో కన్ను కూడా కారుతున్న సంగతి ఎవరూ గమనించలేదు.

తర్వాతి శనివారం ఉండబట్టలేక వెళ్లాడు. అతను కూర్చునే చోట ఊరి ఆసుపత్రిలో నర్సుగా చేసే లూసిండా కూర్చుని ఉంది. బయట వాళ్ల తాతగారి పాత ట్రక్కు ఉంది. అందరూ ఆమె చుట్టూ మూగి అరుచుకుంటున్నారు.

"ఎలా నడుస్తోంది బావా?" అన్నాడు ఒనేసిమో.

"బాగుంది."

"నే చెప్పలా!" అని అటు తిరిగిపోయాడు ఒనేసిమో. తెలెస్ఫోరోతో మాట్లాడటానికి ఇంకేం మిగల్లేదు.

లూసిండాయే పలకరించింది. "మీరు చెప్పండి బాబాయ్. స్ప్రింగు కోయించనా, స్పిండిలా, బెలూన్లా?"

"తొందరపడకమ్మా" అన్నాడతను, ఆశగా ముందుకు వంగి. "బాగా ఆలోచించుకో. వచ్చే వారం వచ్చి మళ్లీ అడుగు. ఆపై వారం కూడా రా."

"అయ్యో బాబాయ్, అంత తీరికెక్కడిది? ఒకపక్క డ్యూటీ, ఇంకోపక్క పిల్లలు, మా ఆయన ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు" అంటూ లేచి, తాళంచెవి ఒనేసిమో చేతిలో పెట్టేసింది. "స్పిండిల్ వేసేయండి."

బండిని లోపలికి నెట్టడానికి అందరూ కదిలారు. తెలెస్ఫోరో కూడా వెళ్లి ఒక చెయ్యి వేశాడు.