పద్నాలుగో నంబరు ఇంజనూ, ఇంగ్వాల్డ్ సోర్బో పేరూ

మా టామరాక్ రైలు లైనుది చెప్పుకోదగ్గ పొడవేం కాదు. హెల్మర్‌లో ధాన్యం గోదాముల దగ్గర బయల్దేరి, బీట్‌దుంపల పొలాల మధ్యగా, రాతి క్వారీ దాటి, జంక్షన్‌లో పెద్ద లైనువాళ్ళకి వేగన్లు అప్పజెప్పేదాకా నలభై రెండు మైళ్ళు. మిన్నెసోటాలో మా మూలకి రామని పెద్ద కంపెనీలు మొహం తిప్పేసుకుంటే, 1888లో మా రైతులే పొలాలు విడిచి, పట్టాల కింది చెక్క దిమ్మెలు భుజాన మోసి వేసుకున్న లైను అది. మోసినవాళ్ళలో మా తాతా ఒకడు.

నేను ఎమెట్ రోస్కామ్‌ని. ఒంటిగది బడిలో ఎనిమిదో తరగతిదాకా చదివాను. మూడో నంబరు ఆవిరి ఇంజనుకి బొగ్గు వేస్తూ చేరి, అది పాత ఇనుముకి పోయిన ఏడాది పద్నాలుగో నంబరు డీజిలు ఇంజను డ్రైవరునయ్యాను. మొత్తం నలభై ఒక్క ఏళ్ళు. వరద నీళ్ళు వంతెన మీద పట్టాలని తాకుతుంటే ఇరవై రెండు గోధుమ వేగన్లు దాటించింది నేనే. మంచుతుఫానులో నాలుగు రోజులు ఆగిపోయిన లైను మీద, ఇంజను ముందు మంచు తోసే పార కట్టుకుని దారి తెరిచిందీ నేనే. ఇవన్నీ ఊరందరికీ తెలుసు. ముప్పై ఏళ్ళుగా నేనే చెబుతున్నాను కదా!

చెప్పనిది ఒకటుంది. అది ఇంగ్వాల్డ్ సోర్బో సంగతి.

ఇంగ్వాల్డ్ మా షెడ్డు మెకానిక్. పొడుగ్గా, వంగి నడిచేవాడు. మాట తక్కువ. పద్నాలుగో నంబరు ఎక్కడో ఉక్కు కార్ఖానాలో అరిగిపోయి మా దగ్గరికి వచ్చిన సరుకు. దాని ఆరు సిలిండర్ల చప్పుడు విని ఏది దగ్గుతోందో వేలు పెట్టి చూపించేవాడు. నేను నడిపానంటే, ఆయన బతికించాడు కాబట్టి నడిపాను. ఈ మాట అప్పుడే అని ఉంటే బాగుండేది.

చలికాలంలో ఇంజనుని ఆపడమంటే మాకు భయం. లోపల చల్లబరిచేది వట్టి నీళ్ళే. ఇంజను ఆగి, నీళ్ళు గడ్డకట్టాయంటే దాని పోత ఇనుము మట్టికుండలా పగులుతుంది. అందుకని నవంబరు నుంచి మార్చిదాకా రాత్రింబవళ్ళు నడుస్తూనే ఉంచేవాళ్ళం. రెండు మూడు రోజులు సెలవొస్తే మాత్రం ఆపి, నీళ్ళన్నీ కిందికి వదిలేసి, కంట్రోలు పిడికి ఒక ఎర్ర రేకు పలక తగిలించేవాళ్ళం. పలక ఉందంటే నీళ్ళు లేవని. లేదంటే ఇంజను నడుస్తోందని, దాన్ని కనిపెట్టుకుని ఉండడం మెకానిక్ బాధ్యతని. నీళ్ళు పూర్తిగా దిగడానికి ముప్పావు గంట పడుతుంది. చివర్లో నీళ్ళు దిగే రంధ్రంలో తీగ పెట్టి తుప్పు కెలికి, ఆఖరి చుక్క పడ్డాకే పలక తగిలించాలి. ఆ పద్ధతి పెట్టింది ఇంగ్వాల్డే.

1966 నవంబరులో ఒక శనివారం. ఆ సాయంత్రం చర్చిలో ఎండుచేపల విందు. ఇరవై ఏళ్ళు చిన్న ప్రమాదమైనా లేకుండా బండి నడిపినందుకు నన్ను వేదిక మీదికి పిలుస్తామన్నారు. కొత్త చొక్కా ఇస్త్రీ చేయించుకోవాలి, ముందు వరసలో కూర్చోవాలి. ఇంజను ఆపి, నీళ్ళు వదిలే మర తిప్పాను. నీళ్ళు బలంగా దూకాయి. అది చూసి, ఇంకేముందిలే అని పలక తగిలించి వెళ్ళిపోయాను.

ఆదివారం ఇంగ్వాల్డ్ షెడ్డుకి వచ్చాడు. పలక చూశాడు. నా చేతి మీద నమ్మకంతో, షెడ్డు వెచ్చబెట్టే పొయ్యి వెలిగించకుండా ఇంటికి పోయాడు.

సోమవారం పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళింది నేను. రంధ్రానికి తుప్పు అడ్డం పడి, సగం నీళ్ళు లోపలే ఉండిపోయాయి. ఇంజను పక్క మీద మూరెడు పగులు, అందులోంచి తెల్లగా మంచు పొంగి ఉంది. ఇరవై ఏళ్ళ పేరు, మొన్ననే చప్పట్లు కొట్టిన జనం, అవే కళ్ళ ముందు తిరిగాయి. మర మూసేశాను. పలక తీసి కోటు లోపల దోపుకున్నాను.

కాసేపటికి మేనేజరు లైల్ బ్రాండ్‌వోల్డ్ వచ్చాడు. వెనకాలే ఇంగ్వాల్డ్.

"ఏమయ్యా, ఇంజను ఆగిపోతే తెలుసుకోకుండా నిద్రపోయావా?" అని లైల్ పగులు చూసి ఇంగ్వాల్డ్ మీద కేకలేశాడు.

"ఆగిపోవడమేంటి సార్? పలక ఉంది. నిన్న నా కళ్ళతో చూశాను."

"ఉంటే ఏదీ? ఎలక ఎత్తుకుపోయిందా? ఎమెట్, శనివారం బండి పెట్టింది నువ్వేగా. ఎలా వదిలావు?"

"నడుస్తుండగానే వదిలాను సార్," అన్నాను.

ఇంగ్వాల్డ్ నా వైపు తిరిగాడు. కోపం లేదు, చెవి సరిగ్గా పనిచేసిందా అన్నట్టు చూశాడు.

"ఎమెట్, ఇంకోసారి చెప్పు."

ఇంకోసారి చెప్పాను. రెండోసారి మరీ సులువుగా వచ్చింది.

నలభై ఏడేళ్ళ వయసులో ఆయన్ని షెడ్డులోంచి తీసి పట్టాల ముఠాలో వేశారు. కుర్రాళ్ళతో సమానంగా దిమ్మెలు మోశాడు. ఊళ్ళో ‘ఐసు ఇంగ్వాల్డ్’ అని పేరు పెట్టారు. కాఫీ హోటల్లో ఆయన అడుగుపెడితే డ్వేన్ ఫ్లూగర్ అనే మా గార్డు, "తలుపెయ్యండ్రోయ్, గడ్డకట్టి చస్తాం!" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. పలక మాత్రం ఆ మరునాడే వంతెన మీంచి నదిలో పారేశాను.

మొన్న వేసవి అయ్యాక పార్కులో పద్నాలుగో నంబరుని బొమ్మలా నిలబెట్టి, దాని చరిత్ర బోర్డు రాయించారు. ‘మెకానిక్ అజాగ్రత్తవల్ల 1966లో పగిలినా, డ్రైవరు రోస్కామ్ నేర్పుతో మరో పదిహేడేళ్ళు నడిచింది’ అని. బోర్డు పెట్టే ముందు ఇంగ్వాల్డ్ కూతురు సోల్వెగ్ మా ఇంటికి వచ్చింది. ఆమె మా బడిలో టీచరు. ఇంగ్వాల్డ్ పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు.

"ఎమెట్ బాబాయ్, ఆ ఒక్క ముక్క తీయించండి. మీరు చెబితే వింటారు. మా నాన్న తప్పు చేస్తే చేశాడు, చచ్చాక కూడా పార్కులో నిలబెట్టి తిట్టించాలా?"

"తప్పు ఆయనది కాదమ్మా," అన్నాను. మొత్తం చెప్పాను. చెబుతున్నంతసేపూ నేల చూస్తూనే ఉన్నాను.

ఆమె లేచి, "ఇది నా చెవిలో చెబితే ఏం లాభం? నవ్వినవాళ్ళ ముందు చెప్పండి," అని వెళ్ళిపోయింది.

బోర్డు పెట్టే రోజు, శనివారం మధ్యాహ్నం, చర్చి కింది హాల్లో కాఫీ, కేకులు పెట్టారు. రైల్లో పనిచేసినవాళ్ళందరూ వచ్చారు. నేను లేచి, ఇంజను పగలడానికి కారణం నేనే అన్నాను. వెంటనే చప్పట్లు!

"చూశారా మనిషి పెద్దరికం? పోయినవాడి తప్పు తన నెత్తినేసుకుంటున్నాడు!" అన్నాడు డ్వేన్.

"కాదురా డ్వేన్, నిజం."

"ఊరుకో ఎమెట్. నీ చేతిలో తప్పు జరగదని నువ్వే కదరా ముప్పై ఏళ్ళుగా మా చెవులు తినేశావు!"

హాలంతా గొల్లుమంది. నా గొప్పలు నేనే చెప్పి చెప్పి, నా నిజం నమ్మేవాడు లేకుండా చేసుకున్నాను. అప్పుడు మర మూయడం, పలక కోట్లో దోపుకోవడం, వంతెన మీద ఏ స్తంభం దగ్గర నిలబడి నదిలో పారేశానో, ఒక్కొక్కటే చెప్పాను. చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్ళోకి దిగాయి. డ్వేన్ తన కాఫీ కప్పు తీసుకుని, నా బల్ల దగ్గర్నుంచి లేచి, వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. మేనేజరు లైల్ ముసలి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

నేను కూర్చోబోయాను.

"కూర్చోకండి," అంది సోల్వెగ్. "ఆ ఇంజను మళ్ళీ ఎలా నడిచిందో అదీ చెప్పండి. మా ఇంట్లో నాన్న ఎప్పుడూ చెప్పలేదు. పొద్దుగూకాక బట్టల నిండా ఇనపరజనుతో ఇంటికి రావడమే నాకు గుర్తు."

అందుకని నిలబడే చెప్పాను. పగిలిన పోత ఇనుము భాగానికి బదులు కొత్తది ఎక్కడా దొరకలేదు. లైల్ పట్టాల ముఠాలోంచి ఇంగ్వాల్డ్‌నే పిలిచాడు. పగలంతా దిమ్మెలు మోసి, పని దిగాక ఆయన షెడ్డుకి వచ్చేవాడు. పగులు పొడుగునా రంధ్రం పక్కన రంధ్రం తొలిచి, మరలు కోసిన ఇనప మేకులు ఒకదాన్నొకటి కరుచుకునేలా బిగించాడు. చిరిగిన గుడ్డ కుట్టినట్టు కుట్టాడు. ఆరు వారాలు. నీళ్ళు పోసి చూస్తే చెమ్మయినా దిగలేదు. మర్నాడు మళ్ళీ దిమ్మెలు మోయడానికి పోయాడు. నేను ఎక్కి, ఆ ఇంజనుని పదిహేడేళ్ళు నడిపాను.

"ఎన్ని మేకులు?" అని లైల్ మెల్లగా అడిగాడు.

నాకు తెలియదు. ఒక్కనాడూ లెక్కపెట్టలేదు. ఆ మాట చెప్పగానే సోల్వెగ్ కోటు వేసుకుని, ఇంజను నిలబెట్టిన పార్కు వైపు నడిచింది. లైల్ కర్ర వెతుక్కుని ఆమె వెనక బయల్దేరాడు. ఒకరి తర్వాత ఒకరు హాల్లోవాళ్ళంతా కదిలారు. అందరికంటే చివర నేను వెళ్ళాను.